ట్రాక్ ఎక్కిన కారునే కొన్నాను, తెలిసే కొన్నాను

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కార్ల ప్రకటనలు చదివే ప్రతిసారీ నాకిదే గుర్తొస్తుంది. ఎవరూ అడగలేదు, ఎవరూ నింద వెయ్యలేదు. అయినా ప్రకటన రెండో వాక్యానికే వచ్చేస్తుంది: "ఈ కారు ఏనాడూ రేస్ ట్రాక్ ఎక్కలేదు." కింద ఫొటో చూస్తే ట్రాక్ కోసం చేసిన, గాడులు తక్కువగా ఉండే సెమీ స్లిక్ టైర్లు, అవీ అంచుల దాకా కరిగి, గరుకు తేలి ఉంటాయి. మామూలు రోడ్డు మీద ఏ మలుపూ టైరు భుజాన్ని అలా కాల్చదు. తడుముకోవాల్సిన భుజం అక్కడే కనిపిస్తూ ఉంటుంది.

అలాంటి వాక్యాన్ని నమ్మి నేనొక కారు కొన్నాను. కొన్నేళ్ల తర్వాత ఇంకో కారు కొన్నాను. దాని యజమాని ఫోనులో నేను అడగకముందే చెప్పాడు, ట్రాక్ మీద 31 రోజులు నడిపానని. మొదటిది నన్ను ముంచింది. రెండోది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. రెండు కార్లు చూసి లోకానికి సూత్రం చెప్పకూడదని నాకూ తెలుసు. కానీ ఆ రెండింటినీ విప్పి చూసే క్రమంలో నేర్చుకున్నది ఆ రెండింటితో ఆగేది కాదు.

వాటి పేర్లు చెప్పను. పేరు చెప్పగానే మాట కారు మీద నుంచి కంపెనీ మీదికి జారుతుంది, అక్కణ్ణుంచి అభిమానుల తగువులోకి దిగుతుంది. ఇక అసలు సంగతి ఎవరికీ పట్టదు.

నా వాదన ఇదీ. ట్రాక్ ఎక్కిందని తెలియగానే కారును వదులుకోవడం తెలివైన పని కాదు. ఎక్కలేదని చెప్పారు కదా అని ఎక్కువ ధర పెట్టడం అంతకంటే తెలివితక్కువ. కొనేవాడు చూడాల్సింది ఆ కారు ఎంత వేడి తిన్నదో, ఆ వేడికి లెక్క రాసినవాడు ఎవరో. ఈ రెండూ ఓడోమీటర్‌లో కనపడవు.

వేడి అంటున్నాను, వేగం అనడం లేదు. ట్రాక్ అనగానే అందరికీ వేగమే తడుతుంది గానీ, కారును తినేసేది వేగం కాదు. విశాలమైన హైవే మీద గంటకు 200 కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోయే కారుకు పెద్ద ఇబ్బంది ఉండదు. గాలి తగులుతూ ఉంటుంది, ఆయిల్ చల్లగానే తిరుగుతూ ఉంటుంది. ఇబ్బంది అంతా ఆ వేగాన్ని ప్రతి నిమిషం పుట్టించి, ప్రతి నిమిషం చంపడంలో ఉంది. ఒక్క బ్రేకు సంగతి చూడండి. 1,500 కిలోల కారు 250 నుంచి 100కి దిగాలంటే సుమారు 30 లక్షల జౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. అది 9 లీటర్ల చల్లటి నీళ్లను మరిగించేంత వేడి. నాలుగైదు సెకన్లలో, నాలుగు ఇనుప పళ్లేల్లోకి, అంటే బ్రేకు డిస్కుల్లోకి. తర్వాతి మలుపులో మళ్లీ. ఇరవై నిమిషాల సెషన్‌లో ఇలా ఎన్నిసార్లో మీరే ఊహించుకోండి.

ఆ వేడి డిస్క్ దగ్గరే ఆగిపోదు. డిస్కును నొక్కే ప్యాడ్ గుండా, ఆ ప్యాడ్‌ను పట్టి ఉంచే క్యాలిపర్‌కి, క్యాలిపర్ నుంచి బ్రేకు ఫ్లూయిడ్‌కి పాకుతుంది. డాట్ 4 అనే రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరక్కూడదని ప్రమాణం. గాలిలోని తేమను పీల్చి అందులో నీరు 3.7 శాతానికి చేరితే ఆ ప్రమాణం 155 డిగ్రీలకు పడిపోతుంది. ఫ్లూయిడ్ మరిగితే ఆవిరి బుడగలు. బుడగ నలుగుతుంది గానీ ద్రవంలా ఒత్తిడిని ముందుకు తోయదు. పెడల్ నేల దాకా దిగిపోతుంది, కారు ఆగదు. ఇందులో నాకు ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. ఫ్లూయిడ్ తేమ పీల్చడానికి కారు నడవాల్సిన పని లేదు. షెడ్డులో కవరు కప్పుకుని నాలుగేళ్లు నిద్రపోయినా పీలుస్తుంది. అంటే "ఏనాడూ ట్రాక్ ఎక్కని, కేవలం 11,000 కిలోమీటర్లు తిరిగిన" ముద్దుల కారును కొని, ఆ వారమే ట్రాక్‌కి తీసుకెళ్లినవాడు నెలనెలా ఫ్లూయిడ్ మార్చిన అరిగిన కారులో కూర్చున్నవాడికంటే పెద్ద ప్రమాదంలో ఉన్నాడు.

నిద్రపోయిన కార్ల గురించి ఇంకో రెండు మాటలు. రబ్బరు సీళ్లు ఎండుతాయి. టైర్లు గట్టిపడతాయి. టైరు పక్క గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గాడి లోతు కొత్తదానిలా ఉన్నా ఆ అంకె పాతదైతే ఆ రబ్బరు జారుతుంది. తక్కువ కిలోమీటర్లకు ఎక్కువ ధర చెల్లించేవాడు చాలాసార్లు వాడకపోవడం వల్ల వచ్చిన జబ్బులకే ఆ ధర కడుతున్నాడు.

సరే, కిలోమీటర్ల లెక్క కూడా చూద్దాం. ట్రాక్ డే అంటే సొంత కారుతో, పోటీ లేకుండా ట్రాక్ మీద తిరిగే రోజు. ఇరవై నిమిషాల సెషన్లు నాలుగో ఐదో. మొత్తం కలిపి ఓ రెండు వందల కిలోమీటర్లు. నా రెండో కారు తిరిగిన 31 రోజులూ కలిపితే ఓడోమీటర్‌లో ఆరు వేలు. మొత్తం 62,000లో ఆరు వేలు. కానీ బ్రేకులు, టైర్లు, వీల్ బేరింగులు, గేర్‌బాక్స్ పడిన కష్టంలో మాత్రం ఆ ఆరు వేలే సింహభాగం. అందుకే ఓడోమీటర్ అబద్ధం చెప్పకపోయినా, అదొక్కటీ చూసుకుని మురిసిపోకూడదు.

ఇక్కడ రెండో పక్షం వాళ్లు లేస్తారు. "ఈ కార్లు ట్రాక్ కోసమే పుట్టాయి, వీటికేం కాదు" అనేవాళ్లు. భయస్థులకంటే వీళ్లే నన్ను ఎక్కువ విసిగిస్తారు, ఎందుకంటే వీళ్లు సగం నిజం చెప్తారు. పోర్షే 911 జీటీ3నే తీసుకోండి. 996, 997 తరాల (ఇవి కంపెనీ తన తరాలకు పెట్టుకున్న నంబర్లు) జీటీ3ల ఇంజిన్‌ను పోర్షే ఇంజినీరు హాన్స్ మెట్జ్‌గర్ పేరుతో పిలుస్తారు. 1998లో లె మాన్ 24 గంటల రేసు గెలిచిన జీటీ1 కారు ఇంజిన్‌తో దానికి చుట్టరికం ఉంది. ఇంజిన్ అడుగు భాగం గట్టిదనంలో దానికి వంక పెట్టేవాళ్లు తక్కువ. అలాంటి ఇంజిన్‌లోనే కూలెంట్ పైపుల అమరికలను జిగురుతో అతికించారు. వేడెక్కి, చల్లారి, మళ్లీ వేడెక్కితే ఏళ్ల మీద ఆ జిగురు వదిలేస్తుంది. పైపు ఊడితే కూలెంట్ అంతా ట్రాక్ మీద, వెనక చక్రాల ముందు. జాగ్రత్త తెలిసిన యజమానులు ఆ అమరికలకు పిన్నులు కొట్టిస్తారు, లేదా వెల్డింగ్ చేయిస్తారు. రేసు గెలిచిన వంశమే, చచ్చేది మాత్రం జిగురు దగ్గర.

ఆ తర్వాతి తరం, 991 జీటీ3, 9,000 ఆర్‌పీఎమ్ తిరిగే కొత్త ఇంజిన్‌తో వచ్చింది. 2014 మొదట్లో రెండు కార్లు తగలబడ్డాయి. పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ బోల్టు వదులవడం కారణమని తేల్చి, అప్పటికి తయారైన 785 కార్లకూ కంపెనీ ఇంజిన్లు మార్చింది. కంపెనీ నడుచుకున్న తీరుకు నేను వంక పెట్టను. కానీ అలాంటి కారు కొంటున్నప్పుడు "ట్రాక్ ఎక్కిందా" అని అడిగి ఊరుకుంటే, దానిలో ఉన్నది ఏ ఇంజిన్ అన్న అసలు ప్రశ్న మిగిలిపోతుంది.

2015 షెవర్లే కార్వెట్ జెడ్06 ఇంకో పాఠం. 650 హార్స్‌పవర్, సూపర్‌ఛార్జర్. వేడి రోజున ట్రాక్ మీద కొన్ని ల్యాపులకే ఉష్ణోగ్రత పెరిగి శక్తి తగ్గించుకునేదని యజమానులు మొత్తుకున్నారు. 2017 మోడల్‌కి బానెట్‌లో గాలి దారులు పెంచారు. ట్రాక్ పేరు చెప్పి అమ్మిన కారే వేడికి తల వంచింది. బీఎండబ్ల్యూ ఈ46 ఎం3లో వెనక సస్పెన్షన్‌ను మోసే సబ్‌ఫ్రేమ్ బిగించే చోట నేల రేకు చిట్లుతుంది. దాని తర్వాత వచ్చిన వీ8 ఎం3లో కనెక్టింగ్ రాడ్ బేరింగుల అరుగుదల గురించి వినని యజమాని ఉండడు. ఇవన్నీ ట్రాక్ ఎక్కకపోయినా రావచ్చు, ఎక్కితే తొందరగా రావచ్చు. ప్రతి కారుకూ ఒక బలహీనమైన కీలు ఉంటుంది. అది తెలియకుండా కారు చూడటానికి వెళ్లడం దండగ.

ఇప్పుడు నా మొదటి కారు కథ. ఆరు సిలిండర్లు, మాన్యువల్ గేర్లు, ఏడేళ్ల వయసు, 11,000 కిలోమీటర్లు. లోపల కొత్త తోలు వాసన ఇంకా పోలేదు. సీటు పక్క ఒత్తుగా ఉండే చోట ముడత లేదు. నేను చేసిన తనిఖీ అంటారా? చుట్టూ మూడుసార్లు తిరిగి, బానెట్ ఎత్తి తలాడించి, ఒక గంట నడిపి, నవ్వు ఆపుకోలేక సంతకం పెట్టాను. ఏడాది తిరక్కుండానే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు అడుగు నుంచి టకటక. వేడెక్కాక పోయేది. మెకానిక్ ఒకాయన విని, ఇంజిన్ మీద చెయ్యి కూడా వెయ్యకుండా, ముందు కంప్యూటర్ రికార్డు తీద్దామన్నాడు.

ఓవర్‌రెవ్ రికార్డు అనేదొకటి ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. చాలా ఆధునిక స్పోర్ట్స్ కార్ల ఇంజిన్ కంప్యూటర్ ఇంజిన్ తిరగదగ్గ హద్దు, అంటే రెడ్‌లైన్, దాటిన ప్రతిసారీ గుర్తుపెట్టుకుంటుంది. పోర్షేల్లోనైతే 997 తరం నుంచి దాన్ని ఆరు అంచెలుగా విడగొట్టి, ఏ అంచెలో ఎన్ని ఇగ్నిషన్లు (సిలిండర్‌లో ఇంధనం అంటుకోవడాలు) జరిగాయో, చివరిసారి ఇంజిన్ ఎన్నో గంటలో జరిగిందో రాసిపెడుతుంది. కింది అంచెలు పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. యాక్సిలరేటర్ తొక్కిపట్టి, ఇంజిన్ వేగాన్ని ఆ హద్దు దగ్గర ఆపే లిమిటర్ తగిలినా అవి నమోదవుతాయి. పై అంచెల్లో అంకె ఉంటేనే గుండె ఆగాలి. యాక్సిలరేటర్‌తో ఎవరూ అక్కడికి చేరలేరు, లిమిటర్ చేరనివ్వదు. అక్కడికి చేరడానికి దారి ఒక్కటే: తప్పు గేరు.

ఐదు నుంచి నాలుగుకి దించబోయి, చెయ్యి కాస్త ఎడమకి ఎక్కువ పోయి రెండులో పడటం. ఐదో గేరులో 6,000 తిరుగుతున్న ఇంజిన్, నాలుగులో అయితే ఏడు వేల చిల్లర తిరగాలి. రెండులో పడితే, గేర్ల నిష్పత్తిని బట్టి, 12,000 దాటుతుంది. అప్పుడు ఇంజిన్‌ను తిప్పేది పెట్రోలు కాదు, రోడ్డు మీద దొర్లుతున్న చక్రాలు. కంప్యూటర్ పెట్రోలు కట్ చేసినా ఆగేదేమీ లేదు. వాల్వులు తమ స్ప్రింగుల మాట వినడం మానేస్తాయి, పిస్టన్‌ను ముద్దాడవచ్చు. రాడ్ బోల్టులు సాగుతాయి. దీన్ని ఇంగ్లీషు డ్రైవర్లు మనీ షిఫ్ట్ అంటారు. ఆ పేరు ఎందుకొచ్చిందో నేను బిల్లు చూసి తెలుసుకున్నాను.

నా కారు రికార్డులో అన్నిటికంటే పై అంచెలో 214 ఇగ్నిషన్లు. వినడానికి భయంకరంగా ఉంది కదా? లెక్క కడితే, ఆరు సిలిండర్ల ఇంజిన్ ఒక్కసారి తిరిగితే మూడు ఇగ్నిషన్లు. నిమిషానికి 9,000 చొప్పున తిరిగితే సెకనుకు 450. అంటే 214 అంటే అర సెకను కూడా లేదు. ఎవరో ఒక్కసారి, రెప్పపాటు చేసిన పొరపాటు. ఇంజిన్ 188వ గంటలో. నా చేతికి వచ్చేటప్పటికి అది 200 గంటలు దాటింది. విప్పి చూస్తే రెండు రాడ్ బేరింగుల్లో పైపూత పోయి రాగి కనిపిస్తోంది. ఒక ఎగ్జాస్ట్ వాల్వు కంటికి ఆననంత వంగింది.

అమ్మినాయన నన్ను మోసం చేశాడని ఇప్పటికీ అనలేను. ఆ 188వ గంట ఆయన ముందరి యజమానిది కావచ్చు. ఏ ట్రాక్ మీదా కాక, ఏదో ఆదివారం ఉదయం ఖాళీ రోడ్డు మీదే జరిగి ఉండవచ్చు. నన్ను ఆలోచనలో పడేసింది అదే. "ట్రాక్ ఎక్కలేదు" అన్న మాట అక్షరాలా నిజమై కూడా నా ఇంజిన్‌ను కాపాడలేదు. ముప్ఫై నిమిషాల్లో తీయగలిగే ఒక కాగితం కాపాడి ఉండేది.

(అక్షరాలా నిజం అన్నాను కాబట్టి ఒక ముచ్చట. జర్మనీలో నూర్‌బుర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫె అనే రేస్ ట్రాక్ ఉంది, 20.8 కిలోమీటర్ల ల్యాపు. టూరిస్టులకు తెరిచిన వేళల్లో అది లెక్కకు టోల్ రోడ్డు, ట్రాఫిక్ నియమాలు వర్తిస్తాయి. అక్కడ వంద ల్యాపులు కొట్టిన కారును కూడా "ట్రాక్ ఎక్కలేదు, టోల్ రోడ్డు మీద వెళ్లింది" అని అమ్మవచ్చన్నమాట. అదే రోడ్డు మీద గార్డ్‌రెయిల్‌కి గుద్దుకుంటే ఇన్సూరెన్స్ వాళ్లు మాత్రం దాన్ని రోడ్డని ఒప్పుకోవడానికి చాలాసార్లు ఇష్టపడరు.)

రెండో కారు దగ్గరికి వస్తాను. ఫోనులో ఆయన మొదటి మాట: "ముందే చెప్తున్నానండీ, దీన్ని బాగా వాడాను. ముట్టుకోని కారు కావాలంటే ఇది మీకు కాదు." వెళ్లాను. కారు కంటే ముందు ఒక నోట్‌బుక్ నా చేతిలో పెట్టాడు. రూళ్ల పుస్తకం, అట్ట మీద ఆయిల్ మరకలు. ప్రతి ట్రాక్ రోజుకీ ఒక పేజీ: తారీఖు, ఎన్ని సెషన్లు, ఆయిల్ ఉష్ణోగ్రత ఎంత దాకా పోయింది, ప్యాడ్లు ఎన్ని మిల్లీమీటర్లు మిగిలాయి, ఫ్లూయిడ్ ఎప్పుడు బ్లీడ్ చేశాడు (అంటే బుడగలు పోయేలా వదిలాడు), ఏ టైర్లు ఏ చక్రానికి. ఒక పేజీలో రాతలో కంగారు కనిపించింది. "స్పిన్. గడ్డిలోకి. వెనక ఎడమ చక్రం దేనికో తగిలింది. అలైన్‌మెంట్ చూపించాలి." కింద వేరే రంగు ఇంకుతో: "చూపించాను. కంట్రోల్ ఆర్మ్ మార్చాను." బిల్లు ఆ పేజీకే గుచ్చి ఉంది.

అమ్ముకునేవాడు తన తప్పును తన చేత్తో రాసి కొనేవాడి చేతిలో పెట్టడం నేనెక్కడా చూడలేదు. ఆ పేజీ దగ్గరే నా మనసు సగం ఒప్పుకుంది. అయితే మొదటి కారు నేర్పిన బుద్ధి ఊరుకోదు కదా. పుస్తకం ఎవరైనా రాయొచ్చు. పుస్తకం చెప్పింది కారు కూడా చెప్పాలి. ఆ రోజు, మర్నాడు నేను చేసిందల్లా ఆ రెండు సాక్ష్యాలనూ పక్కపక్కన పెట్టి చూడటమే.

కారును లిఫ్ట్ మీద ఎత్తించాను. మడ్‌గార్డుల లోపలి అంచుల్లో కరిగి అంటుకున్న రబ్బరు ముక్కలు, సందుల్లో చిన్న రాళ్లు. ట్రాక్ మీద టైర్లు రాల్చే రబ్బరు అది, ఎంత కడిగినా ఎక్కడో ఒకచోట మిగులుతుంది. ఏనాడూ ట్రాక్ ఎక్కలేదన్న కార్ల దగ్గర ముందు చెయ్యి పెట్టి చూడాల్సిన చోటు అదే. క్యాలిపర్ల ఎర్ర రంగు వేడికి కాఫీ రంగులోకి తిరిగింది. పుస్తకం చెప్పినదానికి అది సరిపోతుంది. రంగు తిరగడం నేరం కాదు, కొత్తగా రంగు వేసి ఉంటే అనుమానించేవాణ్ణి. ఇనుప డిస్కుల మీద రంధ్రాల చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్లు ఉన్నాయి, ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రం దాకా పాకలేదు. పాకితే డిస్కు మార్చాల్సిందే. అదే కార్బన్ సెరామిక్ డిస్కులైతే ఈ చూపు పనికిరాదు. అవి మందం కంటే బరువు ఎక్కువ కోల్పోతాయి, వేడికి లోపలి కార్బన్ కాలిపోతుంది. కనీస బరువు డిస్కు మీదే అచ్చువేసి ఉంటుంది, విప్పి తూకం వెయ్యాలి. ఒక జత సెరామిక్ డిస్కులు మార్చే ఖర్చుతో కొందరు ఏళ్ల తరబడి ట్రాక్ డేలకు వెళ్తారు. అందుకే ట్రాక్ వాళ్లు చాలామంది సెరామిక్ డిస్కులు విప్పి, దాచి, ఇనుపవి బిగించుకుంటారు. విప్పినవి కారుతో పాటు ఇస్తున్నారా అని అడగడం మర్చిపోకండి.

ముందు బంపర్ ఇసుక కాగితంతో రుద్దినట్టుంది. విండ్‌షీల్డ్ మీద ఎండ పడితే సూదిమొనలంత గుంటలు. ఏటవాలు వెలుతురులో తలుపు మీద పాత నంబరు స్టిక్కరు నీడ. ఇవేవీ నన్ను బాధపెట్టలేదు. పెయింట్ మందం కొలిచే గేజ్‌తో ప్రతి ప్యానెల్ చూశాను. వెనక ఎడమ మడ్‌గార్డు దగ్గర అంకె మిగతా వాటితో సమానంగానే ఉంది. అంటే గడ్డిలోకి పోయిన రోజున చక్రానికి తగిలింది రేకు దాకా రాలేదు.

ఇంజిన్‌కి లీక్‌డౌన్ టెస్టు చేయించాను. కంప్రెషన్ టెస్టు కంటే నాకు ఇదే ఇష్టం. సిలిండర్‌లోకి గాలి పంపి ఎంత కారిపోతుందో శాతంలో చెప్పడమే కాదు, చెవి పెట్టి వింటే ఎక్కడ కారుతుందో కూడా తెలుస్తుంది. ఎగ్జాస్ట్ పైపులో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు, కూలెంట్ ట్యాంకులో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్. అన్ని సిలిండర్లూ పది శాతం లోపే, ఒకదానికొకటి దగ్గరగా. ఆయిల్ చుక్క ల్యాబ్‌కి పంపాను. రాగి, సీసం పెరిగితే బేరింగులు అరుగుతున్నట్టు. సిలికాన్ పెరిగితే దుమ్ము లోపలికి పోతున్నట్టు. సోడియం, పొటాషియం కనిపిస్తే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తున్నట్టు. ఆయన దగ్గర అంతకు ముందు మూడేళ్ల ల్యాబ్ కాగితాలు కూడా ఉండటం నా అదృష్టం. ఒక్క కాగితం ఫొటో లాంటిది, నాలుగు కాగితాలుంటే ఇంజిన్ ఎటు నడుస్తోందో తెలుస్తుంది. ఇక ఓవర్‌రెవ్ రికార్డు: కింది అంచెల్లో వేల సంఖ్యలు, పై అంచెలన్నీ సున్నా.

దోషాలు దొరకలేదా? దొరికాయి. మూడో గేరులోంచి రెండోకి దించితే చల్లగా ఉన్నప్పుడు గరగర, గేర్లను సాఫీగా కలిపే సింక్రో అరిగింది. ముందు కుడి వీల్ బేరింగ్ మూలుగుతోంది. ఈ రెండూ ఆయన ముందే చెప్పాడు. డ్రైవ్ షాఫ్ట్ బూటు ఒకటి చిరిగి గ్రీజు చిమ్ముతోందని నేను చూపిస్తే నొచ్చుకున్నాడు, బేరం ఆడతానని కాదు, తను చూడలేదే అని. ఆ మొహం చూశాక నేను ఎక్కువ బేరం ఆడలేదు. మంచి బేరగాణ్ణి కాదని ఇంట్లో వాళ్లు ఎలాగూ అంటారు.

ట్రాక్ కార్లన్నీ ఇలాంటివే అనుకుని ఎగబడమని నేను చెప్పడం లేదు. కొన్నింటి దగ్గర నేను బానెట్ కూడా ఎత్తించకుండా వెనక్కి తిరుగుతాను. టర్బో పెట్టి శక్తి పెంచి, రేడియేటర్, ఆయిల్ కూలర్ మాత్రం కంపెనీవే ఉంచిన కార్లు. గ్రిప్ పెంచే స్లిక్ టైర్లు వేసి, ఆయిల్ పంపు సంగతి పట్టించుకోని కార్లు. పొడవైన మలుపులో ఆయిల్ అంతా ఇంజిన్ అడుగున ఉండే సంపులో ఒక పక్కకి పోతే పంపు గాలి పీలుస్తుంది, బేరింగులకు ఆ క్షణం ఎండిన గొంతే. ఆయిల్‌ను వేరే ట్యాంకులో ఉంచే డ్రై సంప్ ఉన్న కార్లు ఈ గండం చాలావరకు తప్పించుకుంటాయి, మామూలు సంపు ఉన్నవి టైరు మంచిదయ్యే కొద్దీ దీనికి దగ్గరవుతాయి. అలాగే పోటీలో నడిచిన కారు, ట్రాక్ డేలో నడిచిన కారు ఒకటి కావు. పోటీలో పక్కవాడు తలుపుకి తగులుతాడు, వేడెక్కిందని తెలిసినా ఆఖరి ల్యాపు వదలరు. ట్రాక్ డేలో వేడెక్కితే మెల్లగా నడిపి చల్లార్చే కూల్ డౌన్ ల్యాపు వేసుకుని పిట్‌లోకి వచ్చేయొచ్చు. ఆ ఒక్క ల్యాపు వేసే అలవాటు ఉన్నవాడి కారే నాకు కావాలి. దాన్ని కనిపెట్టడానికి నేను అడిగేది చాలా మామూలు ప్రశ్న: "సెషన్ అయ్యాక పిట్‌లో ఏం చేస్తారు?" హ్యాండ్‌బ్రేక్ వెయ్యను, వేడి ప్యాడ్లు డిస్కుకి అంటుకుంటాయి అని జవాబొస్తే, మిగతా ప్రశ్నలు కాస్త మెత్తగా అడుగుతాను.

హెల్మెట్ అతనిదే, సీటు బెల్టులు రేసువే, ఫ్లోర్ కార్పెట్‌లో హార్నెస్ బోల్టుల రంధ్రాలున్నాయి, అయినా "ఎక్కలేదు" అంటాడు చూడండి, అతనితో వాదించకండి. కారు కొనడానికి వెళ్లాం, ఒప్పించడానికి కాదు.

ఇక ఖర్చు. కొనే ధర ప్రవేశ రుసుము మాత్రమేనని అందరూ చెప్తారు, నేనూ చెప్తాను. కానీ ఆ ఖర్చును శాసించేది హార్స్‌పవర్ కంటే ముందు బరువు. పైన బ్రేకుల లెక్కలో వేడి బరువుకి అనులోమంగా ఉంటుంది. 1996లో వచ్చిన మొదటి లోటస్ ఎలీజ్ సుమారు 725 కిలోలు. 2007లో వచ్చిన నిస్సాన్ ఆర్35 జీటీ-ఆర్ 1,700 పైచిలుకు. ఒకే వేగం నుంచి ఒకే వేగానికి దిగినా జీటీ-ఆర్ బ్రేకులు రెండింతలకు పైగా వేడి మింగాలి. పైగా అది నేరు దారిలో ఎక్కువ వేగం అందుకుంటుంది, వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలు. రెండు కార్లూ "ట్రాక్ ఎక్కినవి"గానే ప్రకటనలో కనిపిస్తాయి. ఒకదాని ప్యాడ్లు సీజన్ వస్తాయి, ఇంకోదానివి వారాంతం దాటితే గొప్ప. ఇంత బరువు కారును ట్రాక్‌లో మేపే ఓపిక లేనివాడు అదే డబ్బుతో చిన్నది, తేలికైనది, కాస్త అవమానంగా అనిపించేది కొంటే ఎక్కువ ల్యాపులు తిరుగుతాడు. పోయినసారి ట్రాక్‌లో నన్ను ముప్పుతిప్పలు పెట్టి దాటిపోయింది ఒక పాత మాజ్దా ఎంఎక్స్-5. ఆ మాట ఇంతకంటే సాగదీయను.

ఈమధ్య కారు అమ్మేద్దామా అనిపించి ప్రకటన పెట్టాను. ట్రాక్ మీద 31 రోజులు పాత యజమాని చేతిలో, 19 రోజులు నా చేతిలో అని మొదటి వాక్యంలోనే రాశాను. ఒక కుర్రాడు వచ్చాడు. మర్యాదస్థుడు, చక్కగా చదువుకుని వచ్చినట్టున్నాడు, చుట్టూ తిరిగి చూశాడు, నడిపాడు, దిగేటప్పుడు ఆ నవ్వు ఆపుకోలేకపోయాడు. నోట్‌బుక్ ఇచ్చాను. నిలబడే పేజీలు తిప్పాడు. స్పిన్ అని రాసిన పేజీ దగ్గర ఆగాడు. నా రాతలో అలాంటిదే ఇంకో పేజీ ఉంది, వానలో. అక్కడా ఆగాడు. పుస్తకం మూసి నా చేతికిచ్చి, "ఇంకొకటి చూశాను సార్, పద్నాలుగు వేలే తిరిగింది, ఏనాడూ ట్రాక్ ఎక్కలేదట" అన్నాడు.

దాని ఓవర్‌రెవ్ రికార్డు తీయించమన్నాను. అదేమిటని అడిగాడు. పది నిమిషాలు చెప్పాను, విన్నాడు, తలాడించాడు, థాంక్స్ చెప్పి వెళ్లాడు. సాయంత్రం ప్రకటన తీసేసి, కారు జాకీ మీద ఎత్తి, బ్రేకు ఫ్లూయిడ్ మార్చాను. నోట్‌బుక్‌లో తారీఖు వేశాను.